కొంగ కూర మానేసిన సత్యవతమ్మ

గుడివాడ బస్టాండు వెనక సందులో సత్యవతమ్మ కర్రీ పాయింట్ తెలియనివాళ్లు తక్కువ. పప్పు, వేపుడు, పులుసు అందరికీ. ముందుగా చెప్పుకున్న తెలిసినవాళ్లకు మాత్రం పిట్ట కూర. పిట్టంటే కొంగే. ఆమె తమ్ముడు పోతురాజు గూడూరు దగ్గర చేపల చెరువులకు కాపలా. చేపపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయని కొంగల్ని ఉచ్చులేసి పట్టి అక్కకు పంపేవాడు. చట్టం ఒప్పని పనని ఇద్దరికీ తెలుసు. అయినా భర్త పోయాక కూతురు రమ్యను చదివించింది ఆ కూరేనని ఆమె నమ్మకం.

రమ్య చరిత్రలో ఎం.ఏ. చదువుతోంది. పరీక్షల ముందు, తల్లి ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని పైకి చదివేది. ఆ పొద్దున అమెరికా పాఠం. అక్కడివాళ్లు అడవుల్నీ పక్షుల్నీ కాపాడుకోవాలని మేలుకున్న తొలిరోజుల కథ. దొరసానుల టోపీలకు కొంగ ఈకలు కావాలి. ఆ ఈకలు గూడు కట్టే కాలంలోనే వస్తాయి. అందుకని గూళ్ల దగ్గరే పెద్ద కొంగల్ని కాల్చేసేవారు. పిల్లలు ఆకలితో గూట్లోనే చచ్చిపోయేవి. అది తెలిసి మనసు చెదిరిన ఇద్దరు ఆడవాళ్లు స్నేహితురాళ్లను టీకి పిలిచి, ఆ టోపీలు మానమని బతిమాలారు.

కత్తిపీట మీద సత్యవతమ్మ చెయ్యి ఆగిపోయింది. కిందటి వానల్లో కోసిన ఒక కొంగ కడుపులో గుడ్లు కనిపించాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"వాళ్లు విన్నారా?" అని మాత్రం అడిగింది.

"కొందరు విన్నారమ్మా. చట్టాలు తర్వాత వచ్చాయి."

ఆ వారమే తమ్ముడికి ఫోన్ చేసి ఇక కొంగల్ని పట్టొద్దు, పంపొద్దంది. పోతురాజు నొచ్చుకుని, బండేసుకుని వచ్చాడు. చెరువు ఆసామికి ఏం చెప్పుకోవాలని అడిగాడు.

"పిట్టలు రాకపోతే ఆయనకు చాలు గదరా. చంపమన్నాడా?" అంది సత్యవతమ్మ, అన్నం వడ్డిస్తూ.

అతను తిని వెళ్లిపోయాడు. చాన్నాళ్లు ఫోన్ లేదు. తనలాగే కొంగ కూర వండే ఎదురు కర్రీ పాయింట్ సంతోషమ్మను సత్యవతమ్మ టీకి పిలిచి, మానమని చెబితే, ఆమె నవ్వి, "నీ గిరాకీ నాకిస్తానంటే వద్దంటానా వదినా" అంది. అన్నట్టే గిరాకీ అటు మళ్లింది. సత్యవతమ్మ గోంగూర రొయ్యలు మొదలుపెట్టి, నెమ్మదిగా నిలదొక్కుకుంది. సంతోషమ్మ ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

నాట్ల ముందు ఒక ఉదయం పోతురాజు వచ్చి, బండెక్కమన్నాడు. చెరువుల మీద మెరిసే రిబ్బన్లు కట్టాడట, డబ్బాలు మోగిస్తున్నాడట. చెరువు గట్టుకు చేరేసరికి, పక్క పొలంలో ట్రాక్టర్ దమ్ము చేస్తుంటే, వెనకే బురదలో తెల్లగా కొంగలు.

"అక్కణ్ణుంచి తోలితే ఇక్కడ వాలుతున్నాయక్కా. పురుగులేరుకుంటున్నాయని రైతు ఏమీ అనడు."

చచ్చిన కొంగల్నే తప్ప బతికున్నవాటిని అంత దగ్గరగా ఆమె ఎన్నడూ చూడలేదు. చాలాసేపు చూసింది. తర్వాత గట్టు మీద, వెంట తెచ్చిన అన్నం క్యారేజీ విప్పింది. ఒక కొంగ బాగా దగ్గరకొచ్చింది. పోతురాజు చెయ్యి అలవాటుగా మట్టిపెళ్లను అందుకుంది. అక్క వైపు దొంగచూపు చూసి, మెల్లగా కింద పెట్టేశాడు.

సత్యవతమ్మ చూడనట్టే ఇంకో ముద్ద కలిపి తమ్ముడి చేతిలో పెట్టింది.