నిండుకున్న డబ్బాలు

సంచిని చూస్తే చాలు, లోపల ఏముందో ఎంతుందో తూకం పిన్ని చెప్పేస్తుంది. ముప్పై ఏళ్ళు చేత్తో చేసిన పని కళ్ళకు కూడా పట్టుబడింది. సంచి అడుగు గుండ్రంగా దిగితే బియ్యం, మూలలు పొడుచుకొస్తే సబ్బులు, ఒక పక్కకు ఒరిగితే నూనె సీసా. వీధిలో కుర్రకారు పందెం కాసి మరీ అడుగుతారు. ఆవిడ ఓడిపోయిన రోజు లేదు.

ప్రతి సోమవారం పదకొండు గంటల బస్సు దిగి ఒక నీలం గుడ్డసంచి ఎదురు కాలిబాట మీదుగా వెళుతుంది. దాన్ని మాత్రం ఎవరూ అడగకుండానే పిన్ని తూస్తుంది. 'ఎడమ భుజం వంగింది. ఐదు కిలోలకు తగ్గదు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఇంకా రెండు మలుపులు తిరగాలి, పైగా మేడమెట్లు ఎక్కాలి' అనుకుంటుంది. ఆ సంచి మోసే మనిషి పిన్నికి స్వయానా అక్క. కొట్టు దగ్గరికి రాగానే అక్క చూపు అటువైపు దీపస్తంభం మీదికి పోతుంది. కొట్టు దాటాక మళ్ళీ దారిమీదికి వస్తుంది. నాలుగేళ్ళుగా ఇదే వరస. "పిన్నీ, నిద్రపోతున్నావా, తూకం!" అని ఎవరో ఒకరు కేకేస్తే తప్ప పిన్ని ఈ లోకంలో పడదు.

ఆ తూకం నేర్పింది అక్కే. వీధి మూలన బావ కొట్టు ఉండేది. పెళ్ళైన కొత్తలో ఇంట్లో ఊసుపోక ఏడుపు మొహం వేసుకు తిరుగుతున్న చెల్లెల్ని అక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తక్కెడ ముందు స్టూలు వేసి కూర్చోబెట్టింది. మొదటి రోజే ఎవరో వచ్చి పంచదార అడిగారు. పిన్ని డబ్బాలోకి తొంగిచూసి "లేదండీ" అంది. బల్ల కింద అక్క తొడపాశం పెట్టింది.

"కొట్లో కూర్చుని లేదు అనకూడదే. నిండుకుంది అనాలి."

"ఖాళీగా ఉంటే నిండుకోవడం ఏమిటక్కా?"

"లేదన్న మాట డబ్బా వింటే దానికే అలవాటు పడుతుంది. నోరు మంచిదైతే సరుకు అదే వస్తుంది."

ఆ తర్వాత పిన్ని నోట 'లేదు' అన్న మాట మళ్ళీ రాలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయినా నిండుకుందే. భర్త బస్సు డిపోలో మెకానిక్. మాట పొదుపుగా వాడే మనిషి. "నా ఓపిక కూడా నిండుకుంది, అన్నం పెట్టు" అనేవాడు.

అలా ఇరవై ఆరేళ్ళు అక్కాచెల్లెళ్ళు చెరో తక్కెడ దగ్గర కూర్చున్నారు. తర్వాత ఒక పొద్దున బావ గల్లాపెట్టె మీదికి ఒరిగిపోయాడు. కుడి పక్క పడిపోయింది. అక్క ఆస్పత్రికీ ఇంటికీ మధ్య తిరుగుతుంటే, కొట్టు షట్టరు సగం పైకి, సగం కిందకి ఉండిపోయింది. లోపల పిన్ని ఒక్కతే ఉన్న సరుకు అమ్ముతూ, లేనిదాన్ని నిండుకుందంటూ రోజులు నెట్టింది. కొత్త సరుకు తెప్పించే దిక్కు లేదు. ఇంకో కొట్టుకు పోవాలంటే బస్సెక్కాలి.

ఉత్తరాలు పంచి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అందరికీ మాస్టారు. "తలా ఒక వాటా వేసుకుంటే మన కొట్టు మనమే నడుపుకోవచ్చు కదయ్యా" అన్నాడు. అందరూ తలలూపారు. కాళ్ళు మాత్రం ఎవరివీ కదల్లేదు. "అందరిదీ అంటే ఎవరిదీ కాదు, చూస్తూ ఉండు" అన్నవాళ్ళూ ఉన్నారు. కదిలినవి పిన్ని కాళ్ళే. కాగితాల కట్ట పట్టుకుని నలభై రెండు ఇళ్ళెక్కింది. మూతపడిన ప్రెస్సు గది అద్దెకు దొరికింది. నేల పగుళ్ళలో ఇరుక్కున్న సీసపు అక్షరాలు ఏరి, గోడల సిరా మరకలకు సున్నం కొట్టి, బిస్కెట్ల డబ్బాలు తోమి వరసగా పేర్చారు. ప్రతి సభ్యుడూ నెలకు మూడు గంటలు కొట్లో పని చెయ్యాలన్నది షరతు. సెలూన్ బాబాయి వంతు వస్తే నవ్వుకోవడానికే జనం వచ్చేవాళ్ళు. పప్పు తూచి, నాలుగు గింజలు వేసి, రెండు గింజలు తీసి, అలవాటు కొద్దీ "పక్కల ఇంకొంచెం తగ్గించమంటారా?" అని అడిగేవాడు.

నలభై మూడో ఇల్లు అక్కది. అక్కడికి మాత్రం పిన్ని వెళ్ళలేదు. బావ మంచంలో, కొట్టు కొన ఊపిరితో ఉండగా, దాని బదులు ఇంకో కొట్టు పెడుతున్నాం, నువ్వూ చేరు అని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? కాస్త తెరిపిన పడ్డాక అడుగుదాం అనుకుంది. ప్రెస్సు గది తలుపులు తెరిచిన రోజునే అక్క పాత కొట్టు షట్టరు పూర్తిగా దించి, తాళం ఆ గది సొంతదారుకు పంపేసింది. దారిలో ఎదురుపడింది. తోడబుట్టినదాన్ని ఊరివాళ్ళను చూసినట్టు చూసి, "చాలా సంతోషమండీ" అంది.

ఆ 'అండీ' పిన్ని చెవిలో పడ్డ రాయి. దాన్ని ఎవరు తీస్తారు!

కొట్టు నిలబడింది. నిలబడటమే కాదు, వెనక గదిలోకి కూడా పెరిగింది. కానీ తూకం వేస్తూ పిన్ని ఇప్పటికీ ఎడమ పక్కకు కొంచెం జరిగి కూర్చుంటుంది, పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు. "ఆ ఖాళీలో ఇంకో బస్తా పడుతుంది పిన్నిగారూ" అని మాస్టారు ఒకసారి అన్నాడు. పిన్ని జరగలేదు.

ఈమధ్య దర్జీగారి కోడలు వచ్చి కొట్టు కంప్యూటరు దగ్గర చేరింది. చురుకైన పిల్ల. చిన్నప్పటి నుంచీ ఎక్కడెక్కడో హాస్టళ్ళలో చదువుకుంది. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ, అమ్మమ్మ దగ్గర పెరగలేదు. మంగళవారం సాయంత్రం పిన్ని చీటీ రాసి ఆ పిల్లకిచ్చింది. "బియ్యం, పప్పు, పంచదార నిండుకున్నాయి. సబ్బులు ఒక పెట్టె ఉన్నాయి." గురువారం లారీ వచ్చింది. దించితే ఏడు పెట్టెల సబ్బులు దిగాయి. బియ్యం లేదు, పప్పు లేదు, పంచదార అసలే లేదు.

"ఇదేంటమ్మాయ్!" మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "వీధి వీధంతా స్నానాలు చేసి పస్తులుండాలా?"

"నేనేం చేశానండీ? పిన్నిగారు రాసిందే పంపాను. నిండుకున్నాయన్నారు కదా, అంటే నిండుగా ఉన్నాయనేగా! సబ్బులు ఒక్కటే పెట్టె ఉందంటే అవి ఎక్కువ చెప్పాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సెలూన్ బాబాయి గోడకు ఆనుకుని కిందకి జారిపోయాడు నవ్వలేక. ఆ పిల్ల కళ్ళనీళ్ళ పర్యంతమైంది. "నీ తప్పు కాదులే తల్లీ, నా నోటిదే తప్పు" అని పిన్ని ఆ పిల్ల వీపు నిమిరింది. ఇకనుంచి చీటీల్లో 'లేవు' అనే రాయాలని మాస్టారు అక్కడికక్కడే తీర్మానం చేశాడు. పిన్ని తలూపింది. ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు.

శనివారం అందరూ నెల సరుకులకు వస్తారు. లారీ మళ్ళీ వచ్చేది వారానికి. ఈలోగా అప్పటికప్పుడు సరుకు ఇవ్వగలవాడు ఒక్కడే, బావ కొట్టుకు సరుకు వేసిన పాత మిల్లాయన. ఆయన బేరమంతా అక్కతోనే, వేరేవాళ్ళకు గుప్పెడు నూకలు కూడా పంపడు.

"మీ అక్కగారు ఒక్క మాట చెబితే..." మాస్టారు నసిగాడు.

ఇంటికి వచ్చి పిన్ని అన్నం కెలుకుతూ కూర్చుంది. విషయం విన్న మెకానిక్, "అడగడానికి నోరు కూడా మిల్లు నుంచే రావాలా?" అన్నాడు.

మర్నాడు పొద్దున పిన్ని అక్క ఇంటి మేడమెట్లెక్కింది. తలుపు తీసిన అక్క మనిషి చిక్కింది. జుట్టు ముందువైపు పూర్తిగా నెరిసింది. ఎదురు కాలిబాట మీద పోతుంటే ఇవన్నీ కనిపించలేదు.

"ఏం కావాలండీ?" అంది అక్క.

"మిల్లాయనకు ఒక మాట చెప్పాలక్కా. కొట్లో బియ్యం, పప్పు, పంచదార నిండుకున్నాయి."

"నిండుకుంటే తెప్పించుకుంటారు. చీటీ రాయడం మర్చిపోయారా?"

"రాశాను. నిండుకున్నాయనే రాశాను. దర్జీగారి కోడలు అవి నిండుగా ఉన్నాయనుకుని ఏడు పెట్టెల సబ్బులు తెప్పించింది."

అక్క పెదవులు బిగించింది. ముక్కు అదిరింది. ఇక ఆగలేదు. తలుపు పట్టుకుని వంగిపోయి నవ్వింది. లోపల మంచం మీద నుంచి బావ కూడా, సగం నోటితో, ఎక్కిళ్ళు వచ్చినట్టు నవ్వాడు.

"ఒసేయ్ పిచ్చిమొహమా! హాస్టల్ పిల్లకి ఆ మాట రాసిస్తావుటే! నీకు తెలివి ఎప్పుడొస్తుందే!"

నవ్వుతూనే లోపలికి వెళ్ళి ఫోను అందుకుంది. "ఏవండీ, మూలకొట్టు ఆవిడని... ఆఁ, అలాగే ఉందండీ ఆయనకి, ఇప్పుడు కూర్చుంటున్నారు. రేపు పొద్దున ఆరింటికల్లా ఆరు బస్తాలు కావాలి... నాక్కాదు, పాత ప్రెస్సులో కొట్టుకి. తూకం సరిగ్గా చూసి పంపండి. అక్కడ కూర్చునే మనిషికి కంటిచూపుతోనే తెలిసిపోతుంది, ఆనక మాట పడేది నేను."

పిన్ని గుమ్మంలో నిలబడి ఆ గొంతు వింటోంది. నాలుగేళ్ళ తర్వాత అక్క బేరపు గొంతు. ఆ వేడిమీద, ఉండబట్టలేక అనేసింది: "అక్కా, నువ్వు కూడా మాతో చేరరాదూ?"

అక్క ఫోను పెట్టేసింది. మొహంలో నవ్వు పోయింది.

"నలభై రెండు ఇళ్ళెక్కావు. ఆ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఎదురింటికెళ్ళావు, పక్కింటికెళ్ళావు. మా మెట్ల దాకా మూడుసార్లు వచ్చి వెనక్కి పోయావు. నీ చెప్పుల చప్పుడు నాకు తెలీదా? మూడుసార్లూ లేచి పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టాను."

"మీ కొట్టు మూతపడుతుంటే ఎలా అడగనక్కా..."

"మూతపడుతుందని నాకు తెలీదా? కొట్టు పోయినందుకు కాదే నా ఏడుపు. ఇరవై ఆరేళ్ళు తూచిన చేతులు. చేసే పని లేక ఆయన మందుబిళ్ళల్ని అరచేతిలో వేసుకుని బరువు చూసేదాన్ని. ఒక్క మాట అడిగి ఉంటే మొదటి సంతకం నాదే."

"ఇప్పుడు అడుగుతున్నాగా."

"ఇప్పుడు బియ్యం కోసం వచ్చావు. బియ్యంతో పాటు నన్నడిగావు." అక్క తలుపు మీద చెయ్యి వేసింది. "నేను కొసరుకి రానే."

శనివారం ఆరింటికే బస్తాలు వచ్చాయి. తూకం గింజ తేడా లేదు. డబ్బాలు నిండాయి. జనం సంచులతో వచ్చి నవ్వుకుంటూ పోయారు. దర్జీగారి కోడలికి వీధిలో 'నిండుకున్నమ్మ' అని పేరు పడిపోయింది, ఆ పిల్ల కూడా పలకడం నేర్చుకుంది. పిన్ని మాత్రం రోజంతా ముభావంగా తూచింది. అక్క పెట్టిన ఆ టీ నీళ్ళే కళ్ళముందు మరిగాయి. మూడుసార్లు మరిగి, మూడుసార్లు చల్లారిపోయి ఉంటాయి. తను గౌరవం అనుకున్నది అక్కకు వెలివేత అయింది. గుమ్మం తొక్కకపోవడం కూడా ఒక మాటేనని, ఆ మాట నాలుగేళ్ళుగా అక్కకు వినిపిస్తూనే ఉందని ఇప్పుడు తెలిసింది.

బుధవారం కొట్టుకు సెలవు. పిన్ని తల దువ్వుకుని బయల్దేరింది.

"వట్టి చేతులతోనా? ఏదైనా పట్టుకెళ్ళు" అన్నాడు మెకానిక్.

"వద్దు. ఏదైనా పట్టుకెళితే దాని పనిమీద వచ్చాననుకుంటుంది."

అక్క తలుపు జానెడు తీసింది. "ఏం నిండుకుంది?"

"ఏమీ నిండుకోలేదు. నిన్నడగడానికే వచ్చాను. మాతో చేరవే."

"ఇవాళ కాదు." తలుపు మూసుకుంది.

సోమవారం నీలం సంచి మామూలుగానే ఎదురు కాలిబాట మీద వెళ్ళింది. చూపు మామూలుగానే దీపస్తంభం మీదికి పోయింది. ఆరు కిలోలుంటుంది. లేచి వెళ్ళి ఆ సంచి ఒక చెవి పట్టుకోవాలని పిన్ని ప్రాణం కొట్టుకుంది. కానీ లేవలేదు. సాయం చేస్తే అది మళ్ళీ ఇంకో పని అవుతుంది.

రెండో బుధవారం తలుపు మూరెడు తెరుచుకుంది. "ఆయనకి ఒళ్ళు తుడవాలి, తీరిక లేదు" అంది అక్క. ఆ మాట చెప్పడానికి మాత్రం గుమ్మంలో పావుగంట నిలబడింది. మిల్లాయన కూతురి చదువు, మోకాలి మందు, మేడ మీద కారుతున్న కుళాయి అన్నీ మాటల్లోకి వచ్చాయి. పిన్ని అడగాల్సింది అడిగింది. అక్క ఔననలేదు. కాదనీ అనలేదు.

ఆ వారమంతా పిన్నికి తూకాలు తప్పాయి. పంచదార అడిగినవాళ్ళకు ఉప్పు పోసింది. "ఏమైంది పిన్నీ, తక్కెడకి బెంగ పట్టిందా?" అని సెలూన్ బాబాయి అడిగితే, "దానికి కాదు" అంది.

మూడో బుధవారం పిన్ని వీధి మలుపు తిరిగి మేడ కిందకి వచ్చేసరికి, పైన తలుపు బార్లా తీసి ఉంది. లోపల గిన్నెల చప్పుడు. బావ దేనికో దగ్గుతున్నాడు. చెప్పుల చప్పుడు మొదటి మెట్టు మీద పడగానే, పైనుంచి అక్క గొంతు వచ్చింది.

"చూసుకుని ఎక్కవే, ఇప్పుడే కడిగాను. జారతాయి."

పిన్ని చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, తడి మెట్ల మీద ఒక్కొక్క అడుగే వేస్తూ పైకి ఎక్కసాగింది.