రెండు వందల పదహారు వాట్లు

మొత్తం పోయినవి పదిహేడు. పుట్టగొడుగు పగడాలు ఆరు, చొక్కా గుండీల్లా గుత్తులుగా పెరిగే గుండీ పగడాలు పది గుత్తులు, తోలు పగడం ఒకటి. వాటిలో నావి ఎనిమిది, బావవి తొమ్మిది. నిన్న కొంపల్లిలో ఒక హోటల్లో నీలి దీపాల కింద ఉప్పునీటి తొట్టి కనిపించేసరికి ఎనిమిదేళ్ళ కిందటి ఈ లెక్క మళ్ళీ కళ్ళ ముందు నిలిచింది. ఇంట్లోవాళ్ళు భోజనానికి పిలుస్తున్నా, ఆ దీపం నీటికి ఎన్ని జానల ఎత్తులో ఉందో కొలుస్తూ అక్కడే ఉండిపోయాను.

బావ అంటే మా అక్క భర్త. తూంకుంటలో వాళ్ళ భూమి ప్లాట్లయ్యాక చేతికి పని లేక పగడాల తొట్టి పెట్టుకుని, అడిగినవాళ్ళతో "పొలం అమ్మినంక గిదే నా ఎవుసం" అనేవాడు. ఆ పిచ్చి నాకు అంటించిందీ ఆయనే. అప్పట్లో శామీర్‌పేట, మేడ్చల్ వైపు ఇలాంటివాళ్ళం ఏడుగురం ఉండేవాళ్ళం, మాలో పెద్ద శామీర్‌పేట సారు. ఎవరి పగడం పెరిగినా ఒక ముక్క కోసి నీళ్ళ సంచిలో వేసి, స్కూటర్ మీద ఇంకొకరికి చేర్చడం మాలో పద్ధతి. ఒక ఇంట్లో చచ్చినది ఇంకో ఇంట్లో బతికి ఉంటుంది కదా, అడిగితే తిరిగి వస్తుంది.

ఆ ఏడు బావ పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టిస్తూ, తన తొమ్మిదింటినీ రెండు నెలల కోసం నా తొట్టిలో ఉంచాడు. వాటిలో పసుపుపచ్చని తోలు పగడం ఆయన మొదటి పగడం. బొటనవేలంత ముక్క ఏడేళ్ళలో పళ్ళెమంత అయింది. వెళ్తూ వెళ్తూ, "దీని అంచు కోసి శామీర్‌పేట సారుకియ్యి, ఇది ఇంకెవ్వల తాన లేదు" అని చెప్పాడు. సరేనన్నాను గాని, ఇంకొకరి వస్తువు మీద కత్తి పెట్టడానికి చెయ్యి రాక వారం వారం వాయిదా వేశాను.

ఆ నెలలోనే నా తొట్టి మీది ట్యూబులైట్లు మసకబారాయి. పద్నాలుగు నెలలు వాడినవి, ఒక్కొక్కటి యాభై నాలుగు వాట్లు, నాలుగు కలిపి రెండు వందల పదహారు. గుండ్లపోచంపల్లి గోదాములో స్టోర్స్ చూసేవాణ్ణి, వచ్చినదీ పోయినదీ సరిపోతేనే నాకు నిద్ర పట్టేది. అందుకే కొత్త ఎల్ఈడీ దీపాన్ని సరిగ్గా అదే రెండు వందల పదహారుకు తిప్పాను. అమ్మినతను ఐదో వంతుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచమన్నాడు, దీపం మొత్తానికీ డబ్బిచ్చి ఐదో వంతు వాడడమేమిటని నేను వినలేదు. ఫోనులో లెక్క చదివి వినిపిస్తే బావ నవ్వాడు: "పగడాలకు దీపం వెడుతున్నవా బామ్మర్దీ, కరెంటోళ్ళకు లెక్క జెప్తున్నవా?"

మూడో రోజు పది గుత్తుల్లో విచ్చుకున్నవి ఆరు. ఐదో రోజు మూడు. తోలు పగడం పిడికిలిలా ముడుచుకుపోయింది. వెలుగు చాలక అలా అయిందనుకుని, ఎనిమిది గంటల దీపాన్ని పది గంటలు చేశాను. ఆ వారమంతా డ్యూటీకి వెళ్ళేముందు తొట్టి అద్దానికి ముఖం ఆనించి లెక్కపెట్టడం, గోదాములో బస్తాలు లెక్కపెడుతూ తప్పడం, ఇంటికి వచ్చి మళ్ళీ లెక్కపెట్టడం. అంచులు తెల్లబడ్డాక గాని శామీర్‌పేట సారును పిలవలేదు. ఆయన వచ్చి దీపం కింద చెయ్యి పెట్టి చూసి, "ఇవి చీకట్ల లెవ్వు, ఎండల మాడుతున్నయి. ఇగ తగ్గియ్యి జల్దీ" అన్నాడు. ఒక్కో వాటుకు ముసలి ట్యూబు ఇచ్చే వెలుగూ, కొత్త దీపం ఇచ్చే వెలుగూ ఒకటి కాదని నాకు తెలిసింది అప్పుడే. ఐదో వంతుకు దించి, పైన దోమతెర కప్పాను. అప్పటికే తోలు పగడం కరిగి నీళ్ళు వాసన కొడుతున్నాయి, మిగతావీ నిలవలేదు.

ఆదివారం బావ వచ్చాడు. తొట్టిలోకి వంగి చూసి ఒకే ఒక్క మాట అడిగాడు.

"కోసి ఇచ్చినవా?"

"ఇయ్యలే, బావా."

తిట్టి ఉంటే బాగుండేది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు, ఇచ్చిన చాయ్ చల్లారిపోయినా ముట్టుకోలేదు. వెళ్ళేటప్పుడు, "వస్తనండీ" అన్నాడు. బావ నన్ను అండీ అనడం అదే మొదలు.

కొత్త ఇంట్లో ఆయన తొట్టి నిండాక, మా ఏడుగురిలో మిగతావాళ్ళ దగ్గర పెరుగుతున్న బావ పగడాల ముక్కలు ఒక్కొక్కటిగా అడిగి, నేనే సంచుల్లో మోసుకెళ్ళి ఇచ్చాను. ఇప్పుడు ఆ ఏడుగురిలో తొట్లు ఉన్నది ఇద్దరికే. ఇప్పటి దీపం తనంతట తానే వెలుగును రోజుకింత పెంచుకుంటుంది, కొన్న పగడం పెట్టెలో ఇంటికి వస్తుంది, ఎవరినీ ఏదీ అడగనక్కర్లేదు, ఎవరికీ ముక్క కోసి ఇవ్వనక్కర్లేదు. పసుపుపచ్చ తోలు పగడాలు కూడా దొరుకుతున్నాయి, రెండుసార్లు కొని తీసుకెళ్ళాను. బావ మర్యాదగా చూసి, "ఇవి వేరేవండీ" అని తిరిగి ఇచ్చేశాడు.

తొమ్మిదిలో నేను అప్పగించినవి ఎనిమిది. ఇంకా బాకీ ఒకటి.