దీవిలో చవక గది

ఆ దీవి పేరు నేను రాయను. వెస్టిండీస్‌లో ఒక దీవి, అంతే. పేరు రాస్తే, ఆ రోజు మ్యాచ్‌లో ఎవరెట్లా అవుటయ్యారో ఫోనులో వెతికి, మా అన్న చెప్పే కథతో సరిచూసే పనిలేని పెద్దమనుషులు అబిడ్స్‌లో చాలామందే ఉన్నారు. అన్న చదివేది ఉర్దూ పేపరు కాబట్టి ఇది ఆయన కంటపడదని నా ధైర్యం.

మా అన్నకు అబిడ్స్‌లో చిన్న కళ్లద్దాల దుకాణం ఉంది. నేను నాంపల్లిలో ఒక బడిలో లెక్కలు చెప్తాను. మా ఇళ్లు రెండూ నాంపల్లిలో ఒకే గల్లీలో ఉన్నాయి. చిన్నప్పుడు నాన్న రేడియోలో వెస్టిండీస్ నుంచి క్రికెట్ కామెంటరీ వచ్చేది. వాళ్లకు పొద్దునంటే మనకు సాయంత్రం. నేను హోంవర్కు చేసుకుంటుంటే అన్న రేడియోకు చెవి ఆనించి కూర్చునేవాడు. ఆయనకు స్కోరు కన్నా కామెంటరీ వెనక వినిపించే జనం గోల ఇష్టం. డప్పులు, ఈలలు, ఎవరో శంఖం ఊదడం. ఒక్కసారి ఆ గోల నడుమ కూర్చోవాలి అనేవాడు. పెళ్లయ్యాకా అదే మాట. షష్టిపూర్తి అయ్యాకా అదే మాట.

మన జట్టు అక్కడికి పోతోందని తెలిసినప్పుడు వదినే పట్టుబట్టింది. ఉన్న డబ్బు ఇద్దరికే సరిపోతుంది. రెండో మనిషి తను కాదని కూడా ఆమే తేల్చింది. "నేనేం జేస్త గాడ? నువ్వు పో మీ అన్న తోని. నీకు ఇంగ్లీషొస్తది, బేరమాడొస్తది. ఆయనను గా గ్రౌండుల కూసోవెట్టుకొని రా, సాలు" అంది నాతో. మొగుణ్ణి నా చేతికి అప్పగించినట్టే అంది.

బేరం సంగతి ఊరికే అనలేదు. బంధువుల్లో ఎవరు దవాఖాన పనికో పెళ్లి బట్టలకో నగరానికి వచ్చినా, స్టేషన్ దగ్గర లాడ్జి చూసిపెట్టే పని నాదే. దానికో పద్ధతి ఉంది. ఆటో అతన్ని వెంట లోపలికి రానివ్వకూడదు, వాడి కమీషన్ మన కిరాయిలో కలుస్తుంది. బోర్డు మీది ధర చూసి చిన్నగా నవ్వాలి. నల్లా తిప్పి, పరుపు నొక్కి, మొహం అదోలా పెట్టాలి. కాచిగూడలో చూసుకుంటాంలే అని మెట్లు దిగడం మొదలుపెట్టాలి. కింది దాకా దిగకముందే పైనుంచి పిలుపు వస్తుంది. నన్ను మోసం చేసే దుకాణదారు ఇంకా పుట్టలేదని బడిలో తోటి టీచర్లకు చెప్పుకునేదాన్ని. ఎంగిలి చేత్తో కాకిని తోలదని వాళ్లు నా వెనక అనుకునేవారు. రెండూ నిజమే.

అందుకే దీవిలో గది వెతకడం నాకు పండగలా అనిపించింది. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నాలన్నీ దానికే పోయాయి. సముద్రం ఒడ్డు హోటళ్లలో ఒక్క రోజు కిరాయితో ఉస్మాన్‌గంజ్‌లో నెల సామాను తెచ్చుకోవచ్చు. ఒడ్డు వదిలి రెండు వీధులు లోపలికి వస్తే ధర సగానికి సగం పడిపోతుంది. ఏసీ వద్దనుకుని ఫ్యానుతో సర్దుకుంటే ఇంకొంత. వంటగది ఉన్న ఇల్లు దొరికితే తిండి ఖర్చు కూడా మిగులుతుంది. ఇవన్నీ అన్నకు పాఠం చెప్పినట్టు చెప్పేదాన్ని. ఆయన వినేవాడు.

చివరికి ఒక ముసలావిడ ఇల్లు దొరికింది. గ్రౌండుకు నడిచిపోయేంత దగ్గర. కింది అంతస్తులో గది, ముందు వరండా, వరండాలో చెక్క కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుంటే గ్రౌండు దీపాల స్తంభాలు కనిపిస్తాయట. మీ అన్నగారు మెట్లెక్కగలరా, మాంసం తింటారా, తినకపోతే వేరే గిన్నె తీసిపెడతాను అని ఆవిడే మెసేజీలు రాసింది. గది ఖాయం చేశాను. అన్న ఆ వరండా ఫొటో నా చేత పంపించుకుని, కళ్లు పరీక్ష చేయించుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా చూపించాడు.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను.

సాయంత్రం దాకా ఆగితే బండి మీద మిగిలిన కూరలు సగం ధరకే ఇస్తారు. గదులూ అంతే, తేదీ దగ్గర పడ్డకొద్దీ ఖాళీవి చవకవుతాయి అనుకున్నాను. ఫలానా రోజులోపు గది వద్దనుకుంటే పైసా కట్టక్కర్లేదని రాసి ఉంది. ఆ ఆఖరి రోజున గది రద్దు చేశాను. అన్నకు చెప్పలేదు. ఇంకా తక్కువకు కొట్టి చూపించి అప్పుడు చెబుదామనుకున్నాను.

మర్నాటి నుంచే ధరలు ఎక్కడం మొదలుపెట్టాయి. వారం తిరిగేసరికి ఆ చుట్టుపక్కల గదే లేదు. నాంపల్లిలో పుట్టిపెరిగినదానికి ఇది ఒకరు చెప్పాలా? ఏటా మృగశిర కార్తెకు చేప మందు కోసం దేశం నలుమూలల నుంచీ ఉబ్బసం మనుషులు మా పక్కనున్న ఎగ్జిబిషన్ గ్రౌండుకు వస్తారు. అప్పుడు మా గల్లీలో అరుగు కూడా ఖాళీ ఉండదు. ఆ రోజుల్లో లాడ్జి గుమ్మంలో నిలబడి బేరమాడేవాళ్లను చూసి నేనే నవ్వేదాన్ని. మ్యాచ్ అంటే ఆ దీవికి చేప మందు లాంటిదేనని నా బుర్రకు తట్టలేదు. పిల్లలకు లెక్కలు చెప్పే బుర్ర ఇది.

ముసలావిడకు మళ్లీ రాశాను. వేరేవాళ్లు తీసుకున్నారు, ఒక్క మాట ముందు చెప్పి ఉంటే మీ కోసం ఆపేదాన్ని కదమ్మా అని జవాబు వచ్చింది.

అప్పుడైనా అన్న దగ్గరికి పోయి తప్పయిందని చెప్పవచ్చు. చెప్పలేదు. "ముసలామె మాట తప్పిందన్నా. ఎక్కువ ఇచ్చేటోళ్లు దొరికిన్రట" అన్నాను. అన్న చేతిలో ఉన్న కళ్లద్దాలను గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. తర్వాత, "పోనీ తీ. ఆమెకు గూడ నాల్గు పైసలు రావాలె గదా" అన్నాడు. ఆవిణ్ణి తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

చవక గది ఒకటి దొరికింది, దీవికి రెండో కొసన. దీవి ఎంతుంటుంది, చాదర్‌ఘాట్ నుంచి పటాన్‌చెరు పోయినంత దూరం లేదు, బస్సులున్నాయి అని అన్నకు ధైర్యం చెప్పాను. రెండు చోట్ల విమానం మారి చేరుకున్నాం. రేకుల కప్పు కింద మేడ గది, మధ్యాహ్నమైతే పెనం మీద ఉన్నట్టే. కింద ఇంటాయన మంచివాడు, చెట్టు కాయలు కోసి తెచ్చిచ్చేవాడు. అన్న అన్నింటినీ మెచ్చుకున్నాడు. గాలి బాగుందన్నాడు, నీళ్లు బాగున్నాయన్నాడు. నేను పూటకోసారి కిరాయి ఎంత కలిసొచ్చిందో గుర్తుచేశాను.

మ్యాచ్ రోజు పొద్దున్నే తయారై రోడ్డు మీదికొచ్చాం. టికెట్లు అన్న చొక్కా జేబులో ఉన్నాయి, మాటిమాటికీ తడిమి చూసుకుంటున్నాడు. బయట టిఫిను ఖర్చెందుకని గదిలోనే నేను తెచ్చిన అటుకులు ఇన్ని పెట్టాను. షుగర్ మనిషి, మాత్ర వేసుకుని గుప్పెడు తిని లేచాడు. మా కొస దాకా వచ్చే బస్సులు చిన్న వ్యాన్లు. ఆ రోజు ఒక్కటీ ఆగలేదు. లోపల పాటలు, జెండాలు, జనం. మా ముందు నుంచే పోయాయి.

అప్పుడు టాక్సీ ఒకటి ఆగింది. డ్రైవరు ఒక ధర చెప్పాడు. నేను చిన్నగా నవ్వాను. సగం చెప్పాను. ఈరోజు మ్యాచ్ అమ్మా అన్నాడు అతను, మర్యాదగానే. అన్న అప్పటికే తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఇచ్చేద్దాం తీ చెల్లె. మల్ల మల్ల వస్తమా?"

"జర ఆగన్నా. ఇంకోటి వస్తది" అని, కాచిగూడలో చూసుకుంటామన్న మొహం పెట్టి నాలుగు అడుగులు పక్కకు నడిచాను. వెనక నుంచి పిలుపు రాలేదు. తిరిగి చూస్తే టాక్సీ మలుపు దాటిపోతోంది. అన్న చెయ్యి ఇంకా తలుపు పట్టుకున్నట్టే గాల్లో ఉంది.

ఇంకో టాక్సీ రాలేదు. ఎండ నెత్తికెక్కింది. ఏ నీడకో పోదామంటే, టాక్సీ వచ్చి పోతుందేమోనని అన్న కదల్లేదు. ఆట మొదలయ్యే వేళ దాటిపోయాక, ఉన్నట్టుండి గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. ఒళ్లంతా చల్లని చెమట. నేను అరిచిన అరుపుకు ఇంటాయన పరుగెత్తుకొచ్చి, పంచదార నీళ్లు తాగించి, ఎత్తుకుని తన గదిలో పడుకోబెట్టాడు. ఆయన భుజం మీద మా అన్న చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

తేరుకునేసరికి ఆట సగం అయిపోయింది. నేను ఏడుస్తూ ఎంతయినా ఇచ్చి టాక్సీ పిలుద్దామన్నాను. "ఇగ వద్దులే. గీడ్నే మంచిగుంది" అన్నాడు. ఇంటాయనకు ఏమి అర్థమైందో, వంటింట్లోంచి రేడియో తెచ్చి మంచం మీద పెట్టాడు. కామెంటరీ వెనక డప్పులు, ఈలలు. అన్న గోడ వైపు తిరిగి పడుకుని, రేడియోను చెవి దగ్గరికి లాక్కున్నాడు. సాయంత్రం దాకా అట్లాగే విన్నాడు. నేను గుమ్మంలో కూర్చున్నాను. సోమరికి పనెక్కువ, లోభికి ఖర్చెక్కువ అని పిల్లలకు సామెత చెప్పడం తేలిక.

తిరుగు ప్రయాణంలో ముసలావిడ సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. అన్నా, ఆ మొదటి గది ఉంది చూడు అన్నాను. ఆయన నా చేతి మీద తట్టి, విమానం కిటికీ మూయమన్నాడు, ఎండ పడుతోందట. ఆయనకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

వచ్చాక నేను కొన్నాళ్లు అబిడ్స్ వైపు పోలేదు. తీరా పోయేసరికి దుకాణంలో చాయ్ కప్పులతో నలుగురు కూర్చుని ఉన్నారు. అన్న చెప్తున్నాడు. గడ్డి ఎంత పచ్చగా ఉందో, వెనక వరుసలో వేయించిన చేపల వాసన ఎట్లా వచ్చిందో, బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు మన దాకా రావడానికి ఒక్క క్షణం ఎట్లా పడుతుందో. నా పక్కనే కూర్చుని చూసినట్టు చెప్తున్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, ఇంత బాగా చెప్పగలడని నాకు తెలియదు. "మా చెల్లె ముందు వరుసల కూసోవెట్టింది. కావాల్నంటె అడుగున్రి" అని నా వైపు చూపించాడు. అందరూ నా వైపు తిరిగారు. ఔనన్నాను.

ఆ ఔను తర్వాత నా పేరు ఇంకా పెరిగింది. గోవాలో గది, ఊటీలో గది, సింగపూర్‌లో గది చూసిపెట్టమని జనం ఫోన్లు పట్టుకుని వస్తున్నారు. దొరికిన మంచి గదిని వదలకండి అని చెప్తే, నేనేదో కిటుకు దాస్తున్నానని నవ్వుతారు. అన్న ఒక్కసారి కూడా మేమిద్దరమే ఉన్నప్పుడు నన్ను ఏమీ అనలేదు. అనని మాటే నన్ను తింటోంది. తిడితే పడదామని ఎన్నోసార్లు ఆయన ముందు కూర్చున్నాను. చాయ్ తెప్పించాడు, అంతే.

మొన్న ఆదివారం వదిన ఒక్కతే ఉన్నప్పుడు వాళ్లింటికి పోయాను. ఈ సంగతంతా ఆమెకు చెప్పేసి బరువు దింపుకోవాలని గట్టిగా అనుకునే పోయాను. ఆమె మెంతి కూర గిల్లుతోంది. నేను మాట ఎత్తేలోపే, ఎప్పటి నుంచో అడుగుదామనుకుంటున్నానంటూ గొంతు తగ్గించింది. ఆయన అందరికీ అన్నీ చెప్తాడు గానీ తను అడిగిన ఒక్కటి మాత్రం చెప్పడట, మాట మారుస్తాడట.

"గ్రౌండుల అడుగు వెట్టంగనే మీ అన్న ఏడ్సిండా? నిజం జెప్పు."

నేను ఆమె మొహం చూశాను. అరవై దాటిన మనిషి, పెళ్లినాటి ఫొటో చూసుకుంటున్నట్టు ఎదురుచూస్తోంది.

"ఔ వదినా. ఏడ్సిండు."

వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత నవ్వింది.

"నేను రాకపోవుడే మంచిగైంది. నేనుంటె ఆపుకుంటుండె" అంది.

నేను తల ఊపాను.