సున్నా తప్పిన త్రాసు

నా చిన్నప్పుడు, బహ్రెయిన్‌లోని రిఫాలో మేమున్న ఇంటికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, ఎడారి అంచున ఒక షూటింగ్ రేంజ్ ఉండేది. అందులో గురిపలక మూడు వందల మీటర్ల దూరం. దాని నడిమి వలయం వ్యాసం పది సెంటీమీటర్లు. మా బాపుకు, అంటే నాన్నకు, అన్న, మేము పెద్దబాపు అని పిలిచే ఆయన, అక్కడ తూటాలు చేత్తో నింపే ఉద్యోగం చేసేవాడు. కాలిన ఇత్తడి గుల్లలను శుభ్రం చేసి, అడుగున మందును అంటించే కొత్త టోపీ అమర్చి, మందు తూచి పోసి, కొనకు గుండు బిగించేవాడు. మందు తూకం మారితే తూటా వేగం మారుతుంది. వేగం మారితే గుండు పైకో కిందికో తగులుతుంది. ఈ సంగతి నాకు ఎక్కాలకంటే ముందే వచ్చింది.

పెద్దబాపు కూతురు, మా అక్క, ఆ రేంజ్‌లోనే గురి నేర్చుకుంది. ఒక శుక్రవారం ఉదయం ఆమెకు ఎంపిక పోటీ. అందులో నెగ్గితే జట్టులో చోటు. అంతకు రెండు రోజుల ముందు ఊరి నుంచి ఫోన్ వచ్చింది: నాయనమ్మకు ప్రాణం మీదికి వచ్చింది, పెద్దకొడుకును కలవరిస్తోంది. బాపు ఆ రోజే విమానం ఎక్కాడు. పెద్దబాపు మాత్రం శుక్రవారం మధ్యాహ్నానికి టికెట్ తీసుకున్నాడు. అక్క తుపాకికి నప్పే తూకాన్ని నెలల తరబడి కాల్చి చూసి తేల్చింది ఆయనే. సాధనలో కాలిన యాభై గుల్లలను మళ్లీ అదే తూకంతో నింపగలవారు ఇంకెవరూ లేరు.

"అవ్వ గట్టిది. నేనొచ్చేదాక ఆగుతది" అన్నాడు.

"అవునవును, సావు నీ బిడ్డ పోటీ సూసినంకనే వస్తది" అని పెద్దమ్మ దెప్పింది.

అప్పట్లో అక్కడ గురువారం బడికి సెలవు కనుక పెద్దబాపు నన్ను రేంజ్‌కు వెంట తీసుకెళ్లాడు. సగం గుల్లలు నింపేసరికి ఆఫీసులో ఫోన్ వచ్చిందని పిలిచారు. తిరిగి వచ్చినప్పుడు ఆయన ముఖం కడుక్కుని ఉన్నాడు. మిగిలినవి నింపాడు, అన్నిటికీ గుండ్లు బిగించాడు. చివర అలవాటు ప్రకారం ఖాళీ పళ్లెంతో త్రాసును చూసుకున్నాడు. ముల్లు సున్నా గీతకు వెంట్రుకవాసి కిందుంది.

అది ఎప్పుడు కదిలిందో ఆయనకు తెలియదు. పూర్తయిన తూటాలను తూచి తప్పువాటిని ఏరడం కుదరదు. గుల్లల బరువుల్లో ఉండే తేడాయే ఆ కొద్దిపాటి మందు తేడాను మింగేస్తుంది. వాటితో ప్రమాదం లేదు. కానీ ఆ యాభైలో ఏవో కొన్ని గురి తప్పుతాయి. విప్పితే గుండ్లపై గీతలు పడతాయి, పోటీకి పనికిరావు. ఆ రకం గుండ్లు ఇంక లేవు.

సాయంత్రం అక్క వచ్చింది. విషయం విని నవ్వేసింది.

"ఎంటికవాసి తేడాకే గింత ఫికరా? ఇయ్యి బాపూ, నేను కొడత."

"తప్పు తూటాదైతే నీకెట్ల తెలుస్తది బిడ్డా? నీ చెయ్యే వణికిందనుకుంటవు. బతికినన్ని దినాలు అట్లనే అనుకుంటవు."

"మరి నాయనమ్మను ఇడిసిపెట్టి ఇక్కడెందుకు ఆగినవ్?"

పెద్దబాపు త్రాసు మీద మూత కప్పాడు. "అవ్వ పోయింది" అన్నాడు.

ఆయన ఒక్కో తూటాను, దాన్ని విప్పే సుత్తిలాంటి పనిముట్టులో బిగించి బల్లకేసి కొడుతుంటే, అక్క ఊడిన గుండ్లను, ఒలికిన మందును పళ్లెంలో పట్టింది. పట్టినంతసేపూ ఏడుస్తూనే ఉంది. మరునాడు రేంజ్ వాళ్లిచ్చిన కంపెనీ తూటాలతో కాల్చింది. గుండ్లు పైకీ కిందికీ, నిలువుగా చెదిరాయి; అది తూటాల వేగంలో తేడా. జట్టులో ఆమె పేరు లేదు. కానీ తన చెయ్యి వణకలేదని ఆమెకు తెలుసు.

నేనిప్పటికీ బహ్రెయిన్‌లోనే, కొలత పరికరాలను సరిచేసే పనిలో ఉన్నాను. సరిచేసిన పరికరంపై నాకు రవ్వంత అనుమానమున్నా వాడేవారికి ముందే చెబుతాను. నా అనుమానాన్ని మరొకరు తమ తప్పుగా మోయకూడదు. దానికి పెద్దబాపు ఎంత చెల్లించాడో నాకు తెలుసు.

తూటాలు యాభై, పోటీలో పేలినది ఒక్కటీ లేదు. జట్టులో చోటు పోయింది. తల్లి కడచూపు పోయింది. పెద్దకొడుకు పెట్టవలసిన కొరివి మా బాపు పెట్టాడు.