శౌరి ఒట్టు వేయించడు

నరసరావుపేటలో మేం పనిచేసే తాగుడు మాన్పించే కేంద్రంలో శౌరికి రోగులు పెట్టిన పేరు మార్కుల మాస్టారు. వచ్చినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని, "మానాలని నీకెంతుంది? పదికి ఎన్ని మార్కులు వేసుకుంటావు?" అని అడుగుతాడు. వాడు నసిగి నసిగి మూడంటాడు. పక్కనున్న పెళ్ళాం నెత్తి కొట్టుకుంటుంది. శౌరి మాత్రం ఆ మూడుకే సంబరపడి, "సున్నా ఎందుకు వేసుకోలేదు?" అంటాడు. అప్పుడు వాడు ఆలోచనలో పడతాడు. కూతురు బడికి రావద్దందనో, చేనుగట్టు మీద పడిపోతే నలుగురూ మోసుకొచ్చారనో వాడి నోటితో వాడే చెప్పుకుంటాడు. మానడానికి కారణం మనం చెబితే అది మనది, వాడు చెబితే వాడిది. వైద్యమంతా అక్కడే ఉందని శౌరి నమ్మకం.

నేను ముప్పై ఏళ్ళుగా సూదులు వేస్తున్న నర్సుని. కబుర్లు చెబితే తాగుడు పోతుందా అని మొదట్లో బాగా వెక్కిరించాను. కొందరికి నిజంగానే పోయింది. ఆ తర్వాత నోరు మూసుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం అతను మహా మొండి. ఒట్టు వేయించడు. మా వైపు తాగేవాణ్ణి మాన్పించాలంటే అందరికీ తెలిసిన మందు ఒట్టే. బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టించి "ఇక ముట్టను" అనిపిస్తే సగం పని అయిపోయినట్టు. ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చేదే అందుకు. మొగుడి చెయ్యి బిడ్డ తల దాకా వెళ్ళేలోపే శౌరి లేచి ఆ చెయ్యి పట్టేసుకుంటాడు. అంత నెమ్మదస్థుడికీ ఆ క్షణంలో ముఖం పాలిపోతుంది. ఇంకొకటి కూడా ఉంది. "ఆఖరిసారి ఎప్పుడు తాగావు?" అని ఒక్కొక్కణ్ణి మూడుసార్లు అడుగుతాడు. నేను చీటీలో రాసిచ్చినా మళ్ళీ అడుగుతాడు. చాదస్తం అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం ఓపీ అయిపోయాక అతని గదిలోకి వెళ్తే, ఖాళీ కుర్చీకి ఎదురుగా కదలకుండా కూర్చొని ఉన్నాడు. ఏంటిది అని అడిగితే దాచలేదు.

"ఇన్నయ్యొచ్చాడు సిస్టర్. రోజూ వస్తాడు. ఏం మాట్లాడడు. చేతులు వణుకుతుంటయ్యి. ఆ చేతుల్నే చూసుకుంటా కూర్చుంటాడు."

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ రోజు నుంచి ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళాలంటే భయపడ్డాను. చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. ఇన్నయ్య ఎవరో ఆ సాయంత్రమే చెప్పాడు.

శౌరిది రెంటచింతల. వయసులో ఉన్నప్పుడు తనూ తాగేవాడు, వారానికోసారి, స్నేహితులతో. తల్లి పోయిన రోజు ఆమె పాదాల మీద ఒట్టు పెట్టుకొని మానేశాడు. అలవాటు ముదరకముందే మానినవాడికి మానడం ఎంత కష్టమో ఏం తెలుస్తుంది? తను గెలిచాడు కాబట్టి ఊరందర్నీ గెలిపిస్తానని బయల్దేరాడు. ఆదివారం పూజ అయ్యాక చర్చి ఆవరణలో మగవాళ్ళను నిలబెట్టి ఒట్లు వేయించేవాడు.

పదమూడేళ్ళ కిందట, ఎండలు మండిపోయే మే నెలలో, అలా ఒట్టు వేసినవాడు ఇన్నయ్య. నాపరాళ్ళ పనివాడు. పొద్దున లేస్తే ముందు సీసా, తర్వాతే మంచినీళ్ళు. ఏడేళ్ళ కూతురు ప్రీతి తల మీద చెయ్యి పెట్టి ఇక ముట్టనన్నాడు. మర్నాటికి చేతులు వణికాయి. రెండో రోజు గోడ నిండా చీమలు పాకుతున్నాయని కేకలు పెట్టాడు. తూలుతున్నాడు, పిచ్చి మాటలు మాట్లాడుతున్నాడు. చూసినవాళ్ళంతా దొంగచాటుగా తాగొచ్చాడనే అనుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నం ఫిట్స్ వచ్చి ప్రాణం పోయింది. ఒట్టు తప్పాడు, ఒట్టు తగిలింది అని ఊరు తేల్చేసింది. చివరికి శౌరి కూడా అదే నమ్మాడు.

ఏడాది తర్వాత గుంటూరులో కౌన్సెలింగ్ శిక్షణకు వెళ్ళాడు. ఏళ్ళ తరబడి పగలూ రాత్రీ తాగినవాడు ఉన్నట్టుండి పూర్తిగా ఆపేస్తే వణుకు, భ్రమలు, ఫిట్స్ వస్తాయని, ఆస్పత్రిలో పెట్టి మాత్రలిస్తూ మాన్పించకపోతే ప్రాణమే పోవచ్చని ఒక డాక్టరు పాఠం చెప్పాడట. శౌరి క్లాసు మధ్యలో బయటికి పోయి వాంతి చేసుకున్నాడు. ఇన్నయ్య ఒట్టు తప్పలేదు. నిలబెట్టుకున్నాడు, అందుకే పోయాడు.

"ఈ సంగతి వాళ్ళావిడకు చెప్పావా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. నాకు ఒళ్ళు మండింది. మంచివాడని నేను పెట్టుకున్న గౌరవం సగం అక్కడే పోయింది.

మొన్న ఫిబ్రవరిలో ఆ ఇన్నయ్య భార్య శాంతమ్మే మా గుమ్మంలోకి వచ్చింది. వెంట తమ్ముడు చిన్నప్ప, ఇరవై ఏళ్ళ ప్రీతి. చిన్నప్ప చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా చేతులు కుదురుగా లేవు. ఆఖరిసారి ఎప్పుడు తాగావంటే పొద్దున్నే అన్నాడు. ఎన్నేళ్ళ నుంచంటే పద్దెనిమిదేళ్ళన్నాడు. శౌరి నా వైపు చూశాడు. వీణ్ణి ఇంటికి పంపితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. ఇరవై రోజులు ఇక్కడే ఉంచాలని చెప్పాను.

"శౌరయ్యా, మిరప కోతలున్నయ్యి," అంది శాంతమ్మ. "వీణ్ణి ఇరవై రోజులు ఈడ పెట్టటం నావల్ల కాదు. నీ ఎదురుగా ఒట్టేయించు, ఇంటికి తీసకపోతా."

"ఒట్టొద్దు వదినా. ఈడే చేర్పించు."

"ఎందుకొద్దంట? ప్రీతి నెత్తి మీదే ఏయించు. మా ఆయన తప్పాడుగానీ నా తమ్ముడు తప్పడు."

చిన్నప్ప చెయ్యి అప్పటికే లేచింది. ప్రీతి వెనక్కి జరిగింది.

"నా మీదొద్దు మామా. నా తల ఒక సీసాకి కూడా సరిపోదని మా నాన్న ఎప్పుడో చూపించాడు."

ఆ మాట ఆ పిల్ల కోపంగా అనలేదు. ఎప్పుడో ఒప్పేసుకున్న సంగతి చెప్పినట్టు చెప్పింది. శౌరి లేచి చిన్నప్ప చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి వదల్లేదు.

"మీ నాన్న తాగలేదమ్మా," అన్నాడు. "ఒక్క చుక్క ముట్టలేదు. అంత తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకొచ్చిద్దని నాకప్పుడు తెలవదు. నీ మీద ఒట్టు నిలబెట్టుకునే సచ్చిపోయాడు. ఏయించింది నేనే. తెలిసినాక చెప్పకుండా ఉన్నదీ నేనే."

"తాగలేదా?" అంది ప్రీతి.

"తాగలేదు."

"నిజంగా తాగలేదా బాబాయ్?"

"నిజంగా తాగలేదు తల్లీ."

ఆ పిల్ల గోడకు ఆనుకొని నేల మీద కూలబడింది. తండ్రి కోసం పదమూడేళ్ళు ఏడవనిదంతా అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

శాంతమ్మ మాత్రం ఏడవలేదు. నేల వైపు చూస్తూ నిలబడింది. "మొదటి రోజే గుక్కెడు పొయ్యమని నా కాళ్ళు పట్టుకున్నాడు. ఒట్టు గుర్తు చేసి తలుపేశా. తర్వాత యాడకో పోయి తాగొచ్చాడనుకున్నా. అయితే నేనే చంపుకున్నా."

శౌరి అక్కడితో ఊరుకుని ఉంటే ఆ బరువులో సగం ఆమె మీదకు పోయేది. ఆమె మోసేది కూడా. ఆడవాళ్ళం అలాంటివి మోయడానికి ఎప్పుడూ సిద్ధమే.

"నువ్వు కాదు వదినా," అన్నాడు. "రెండో రోజు మీ పక్కింటి రసూల్ ఆటో తీసుకొచ్చాడు, మాచర్ల ఆస్పత్రికి తీసకపోదామని. వీధి మొదట్లో ఆపి నేనే ఎనక్కి పంపించా. ఆడ మత్తుసూది ఏస్తారు, ఒట్టు చెడిద్దన్నా. ఇంకొక్క రోజు ఓర్చుకుంటే గట్టెక్కుతాడన్నా. ఈ సంగతి నీకు చెప్పొద్దని రసూల్‌ని బతిమాలుకున్నా."

ఈ ముక్క నాకూ చెప్పలేదు. ఇన్నయ్య వచ్చి కూర్చుంటాడని చెప్పినవాడు, ఎందుకొచ్చి కూర్చుంటాడో దాచాడు.

శాంతమ్మ అతన్ని తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. నా వైపు తిరిగి, "వీణ్ణి చేర్చుకోండమ్మా," అంది. తర్వాత శౌరితో, "వాణ్ణి బతికించు. ఇంక నాతో మాత్రం మాట్లాడబాక," అంది.

చిన్నప్ప చేరాడు. రెండో రోజు అతనికీ చీమలు కనిపించాయి. మందులున్నాయి, డాక్టరున్నాడు, మంచం పక్కన శౌరి ఉన్నాడు. బతికాడు. ఇరవై ఒకటో రోజున వెళ్ళేటప్పుడు శాంతమ్మ డాక్టరుకు దండం పెట్టింది, నాకు పెట్టింది, వార్డు ఊడ్చే బసవమ్మకు కూడా పెట్టింది. శౌరి గది ముందు నుంచే నడిచి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె తల తిప్పలేదు. వాళ్ళు గేటు దాటి చాలాసేపైనా అతను కూర్చోలేదు. నేనూ కూర్చోమనలేదు.