మా అమ్మ ఆపిన వేకువ గంట

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకు వందనాలు! సాక్ష్యం చెప్పమని కాపరిగారు ఎన్నాళ్లనుంచో అడుగుతున్నారు, నేనే దాటవేస్తూ వచ్చాను, ఎందుకంటే నా సాక్ష్యంలో మీరు కూడా ఉన్నారు, వింటే మీకు చేదుగా ఉంటుంది. అయినా ఈరోజు చెబుతాను.

టేకులపల్లి అడవిలో ఈ గూడెంలోనే పుట్టాను. నాకు ముందు పుట్టిన వాళ్లెవరూ దక్కలేదు, అందుకని నేను కడుపులో ఉండగానే మా అమ్మ, ఈ బిడ్డ బతికితే నీ వేకువ గంట కొడుతుందని ప్రభువుకు మొక్కుకుంది. మేము కొత్తగా నమ్ముకున్నవాళ్లం, దేవుడు మారినా మొక్కుల అలవాటు ఎక్కడికి పోతుంది! అలా ఊహ తెలిసినప్పటి నుంచీ తొలికోడి కూయగానే లేచి, చర్చి ముందు వేపకొమ్మకు వేలాడదీసిన ఇనప పట్టా ముక్కను ఠంగుఠంగున మోగించేదాన్ని, మీరంతా ప్రార్థనకు వచ్చేవారు, దేవుని బిడ్డ అని నన్ను నెత్తిన పెట్టుకున్నారు.

పెద్దమనిషినయ్యాక నా నిద్ర అడ్డం తిరిగింది. రాత్రి ఎంత పొర్లినా కన్ను మూతపడదు, తీరా కోడి కూసే వేళకు రెప్పలకు రాళ్లు కట్టినట్టుండేది. అమ్మ లేపితే తూలుతూ వెళ్లి గంట కొట్టి, ప్రార్థనలో ఒరిగిపోయి, బడిలో తల వాల్చేసి, ఎండాకాలం బీడీల తునికాకు కోతకు పోతే అడవిలోనే కూలబడేదాన్ని. ఒకనాడు గంట మోగలేదు. అబ్బబ్బ, ఆరోజు మీ కోపం!

"దీనికి సోమరి దయ్యం పట్టింది. మొక్కు ఎగ్గొడితే గిట్లనే అయితది" అన్నాడు అప్పటి సంఘపెద్ద.

దయ్యాన్ని వదిలించడానికి రాత్రి ప్రార్థనలు పెట్టారు. నిద్రలేక చస్తున్న పిల్లను నడుమ కూర్చోబెట్టి, కన్ను వాలితే మొహాన నీళ్లు చల్లి, చెవిలో అరిచి, తెల్లారేదాకా మెలకువగా ఉంచారు! ప్రేమతోనే చేశారని నాకు తెలుసు, అందుకే ఇంకా మండుతుంది. అన్నం సయించలేదు, మాట తగ్గిపోయింది, ఊరికే ఏడుపొచ్చేది, దేవుడికి కూడా పనికిరానిదాన్నని నా మీద నాకే అసహ్యం. ఒక పొద్దున ఏటి ఒడ్డున నిలబడి, ఇందులోకి దిగితే ఇక నన్నెవరూ లేపరు కదా అనుకున్నాను. సహోదరులారా, నాకు చావాలని లేదు, పడుకోవాలని ఉంది, అంతే!

నీళ్లకు వచ్చిన అమ్మ నా మొహం చూసింది. బిందె అక్కడే వదిలేసి, నన్ను ఇంటికి లాక్కుపోయి, చాప పరిచి, తలుపు వేసి, గడపకు అడ్డంగా కూర్చుంది. పెద్దలు వచ్చారు.

"తప్పుకో, పిల్లను ప్రార్థనకు తోలియ్యి."

"పొదిగే కోడిని సుత కదపం గదయ్యా. నా బిడ్డను పండనియ్యుండ్రి. గంట నేను కొడత."

"మొక్కిన బిడ్డే కొట్టాలె. లేకుంటే నువ్వు ప్రభువు బల్ల కాడికి రావద్దు, రొట్టె ముట్టద్దు."

"రాను పోండ్రి" అన్నది అమ్మ. వాళ్లు వెళ్లాక ఏడుస్తూ ప్రార్థించింది. "ప్రభువా, మొక్కుకున్నది నేను, ఇది గాదు. కొడితే నన్ను కొట్టు. తుఫానుల నువ్వు సుత పడవల పండుకున్నవంట గదా, నా బిడ్డను పండనియ్యి తండ్రీ." అది వింటూ వింటూ నిద్రపోయాను. దేవునికే మహిమ!

ఒక్క నిద్రతో బాగుపడ్డానని అబద్ధం చెప్పను. అమ్మ నన్ను కొత్తగూడెం దవాఖానాకు తిప్పింది, దిగులు కూడా జబ్బేనని, ఎదిగే వయసులో నిద్ర ఆలస్యంగా వచ్చి ఆలస్యంగా వదులుతుందని అక్కడి డాక్టరమ్మ చెప్పి మందులిచ్చింది. నా మొహాన నవ్వు రావడానికి రెండు తునికాకు కోతలు గడిచాయి. ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతున్నాను, మొదటి పీరియడులో ఏ పిల్లైనా తల వాలిస్తే లేపను.

నన్ను విడిపించింది దేవుడే, కానీ ఆయన వాడుకున్న మనిషిని మీరు బల్లకు దూరం చేశారు! కాపరులు మారారు, ఆ పెద్దలు మట్టిలో కలిశారు, గంట పోయి మైకు వచ్చింది, అమ్మకు వేసిన శిక్ష మాత్రం తీసేయాలని ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆమె ప్రతి ఆదివారం వస్తుంది, చెప్పులు విడిచే చోట కూర్చుంటుంది, రొట్టె పంచే వేళకు లేచి ఇంటికి పోతుంది.

తల్లులారా, తండ్రులారా, మీ ఇంట్లో నిద్రపట్టని బిడ్డ ఉంటే దయ్యమని అరవకండి, దవాఖానాకు తీసుకుపోండి, పక్కన కూర్చుని మెల్లగా ప్రార్థించండి. ప్రభువును నమ్ముకోండి, అలసిపోయిన పిల్లల మీద ఆయనకు కోపం లేదు, మా అమ్మ నమ్మిన దేవుడు అలాంటివాడు.

ఈరోజు బల్ల ఉంది. మా అమ్మ తినకుండా నేను తినను. కాపరిగారూ, మొదటి రొట్టె ఆమెకివ్వండి. అదిగో, చెప్పుల పక్కన గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. అయ్యో, ఆగండి, లేపకండి! ఆమె లేచేదాకా మనమే ఆగుదాం.