ఆర్డిస్ బండి తగిలించే వేళ

ఆర్డిస్ టోలెఫ్సన్‌కి కబుర్లంటే ప్రాణం. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని గడప దిగిందంటే, ఎవరి మోకాలి నొప్పి ఎంతవరకూ వచ్చిందో, ఎవరి కుక్క ఎవరి పిక్క పట్టుకుందో, ఆ బళ్ళ పేటంతా ఒక చుట్టు తిరిగి తేల్చుకుంటే గాని లోపలికి పోదు. అలాంటి మనిషి ఒక్క పని చేసేటప్పుడు మాత్రం నోటికి తాళం వేసేది. పికప్పుకి తను కాపురముండే ట్రైలర్ తగిలించేటప్పుడు. అప్పుడు ఎవరు పలకరించినా పలికేది కాదు, చూసేది కూడా కాదు. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటే నొచ్చుకోనీ అన్నట్టుండేది.

ఆ పేట అరిజోనాలో, కొలరాడో నది ఒడ్డున ఉంది. చలికాలమంతా ఉత్తరాది ముసలీ ముతకా చక్రాల మీది తమ ఇళ్ళు తామే ఈడ్చుకొచ్చి అక్కడ దిగుతారు. మార్చి దాటి ఎండ చురుక్కుమనిపించేసరికి ఒక్కొక్కరే కదులుతారు. వీడ్కోళ్ళన్నీ ముందు రోజు సాయంత్రమే అయిపోవాలి. పొద్దున బండి తగిలిస్తున్న మనిషి దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు, దూరం నుంచి చెయ్యి ఊపాలంతే. ఇది ఎవరో పెట్టిన చట్టం కాదు, బళ్ళు విరగ్గొట్టుకుని నేర్చుకున్న మర్యాద.

విరగ్గొట్టుకున్నవాళ్ళలో ఆర్డిస్ మొగుడు ఓరిన్ ఒకడు. వాళ్ళది తోకకి కట్టి లాగే రకం ట్రైలర్ కాదు. ముందుభాగం పికప్ తొట్టి మీదికి చాచుకుని ఉంటుంది. దాని కింద వేలాడే లావుపాటి పిన్ను, తొట్టి మధ్యలో బిగించిన ఇనప దవడల్లో పడి లాక్ అవ్వాలి. ఫిఫ్త్ వీల్ అంటారు దాన్ని. ఒకసారి ఓరిన్ బండి తగిలిస్తుండగా పక్కవాడెవడో వచ్చి చెయ్యి కలిపాడు. ఇద్దరూ చేపల గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోనే ఓరిన్ ట్రైలర్ ముక్కుని నిలబెట్టే ఇనప కాళ్ళు పైకెత్తేశాడు, పికప్ ముందుకు పోనిచ్చాడు. దవడలు మూసుకోనేలేదు. ట్రైలర్ ముక్కు దబ్బున పికప్ మీద పడి తొట్టి రెండు పక్కలూ అప్పడంలా నొక్కుకుపోయాయి. ఇంటి సామానంతా ఒక మూలకి జారింది. ఆ వేసవంతా మొగుడూ పెళ్ళాం ఎక్కడికీ కదల్లేక అక్కడే ఉడికిపోయారు.

ఓరిన్ పోయాక అందరూ ఆర్డిస్‌కి ఒకటే సలహా ఇచ్చారు. అమ్మేసి ఎక్కడైనా ఒక గది చూసుకోమన్నారు. అన్నాళ్ళూ ఆమె వెనక నిలబడి "రా... రా... ఆపు" అని చేతులు ఊపిన మనిషే గాని స్టీరింగ్ పట్టింది లేదు.

"ఇల్లు నాది, లాగే బండీ నాది. రెండిటికీ ముడి పెట్టడం నాకు చేతకాదా?" అని నేర్చుకుంది. అప్పట్నుంచి చలికాలం ఇక్కడ, వేసవి మోంటానాలో. అక్కడ కొండల్లో ఇలాంటి బళ్ళు ఆగే ఒక విడిదికి కాపలా ఉండే పని ఆమెది. ఒంటరి ప్రయాణం బాగానే అలవాటైంది, ఈ చలికాలం వరకూ.

ఈ చలికాలం పక్క జాగాలో లేలండ్ ప్రూయెట్ దిగాడు. కాన్సస్ మనిషి, పెళ్ళాం పోయి చాలా కాలమైంది. స్కూలు బస్సులు బాగుచేసి రిటైరయ్యాడు. పాత వ్యానులో ఒక గుడ్డి పిల్లితో కాపురం. రోజూ సాయంత్రం కుర్చీ తెచ్చుకుని ఆర్డిస్ ట్రైలర్ పందిరి నీడన కూర్చునేవాడు. ఆమె మాట్లాడేది, అతను వినేవాడు. ఆమె వేసిన బంగాళాదుంప రొట్టెలు వెన్న, పంచదార పూసుకుని తినేవాడు. తిన్నాక పళ్ళెం కడిగిచ్చేవాడు. వినే మనిషి దొరికితే ఎంత సుఖమో ఆర్డిస్‌కి మళ్ళీ తెలిసొచ్చింది. అతను వేసవికి కాన్సస్‌లో చెల్లెలి పెరట్లోకి పోతాడు, తను మోంటానా పోతుంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమె అతని పళ్ళెంలో ఇంకో రొట్టె పడేసేది. తనతో వస్తానని అతను అడిగితే బాగుండునని ఉండేది. తనే అడగొచ్చు గదా అంటే, అడగదు. అంత మాటకారికీ ఆ ఒక్క మాట దగ్గర పౌరుషం అడ్డొచ్చింది.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం అందరూ ఆమె దగ్గర చేరి తిన్నారు, కావిలించుకున్నారు, వెళ్ళిపోయారు. చివరికి లేలండ్ మిగిలాడు. ఆమె కావాలనే మాట్లాడకుండా కూర్చుంది, అతనికి అడిగే వీలిద్దామని.

లేలండ్ చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"పిల్లికి ఈమధ్య ఆ డబ్బా మేత పడట్లేదు," అన్నాడు.

"మార్చి చూడు," అంది ఆర్డిస్.

అంతే. అతను కుర్చీ మడిచి పట్టుకుపోయాడు. ఆర్డిస్‌కి అతని మీద ఒళ్ళు మండింది. కాసేపయ్యాక తన మీద మండింది.

పొద్దున్నే లేచి పనిలో పడింది. ట్రైలర్ చక్రాలకి అటూ ఇటూ చెక్క దిమ్మలు గట్టిగా దూర్చింది. పికప్ వెనక డోరు దించింది. దవడల లీవర్ లాగి తెరిచిపెట్టింది. ఇక ట్రైలర్ ముందు కాళ్ళు మీట నొక్కి దించుతూ, ఎత్తుతూ, ముక్కు ఎత్తు సరిచూస్తోంది. పికప్ కిందికి వచ్చినప్పుడు ట్రైలర్‌ని రవ్వంత పైకి లేపుతూ దూరాలి. ముక్కు మరీ ఎత్తుంటే పిన్ను దవడల్లో పడకుండా వాటి పైనే కూర్చుంటుంది.

సరిగ్గా అప్పుడు లేలండ్ వచ్చాడు. చెయ్యి ఊపే దూరంలో ఆగలేదు, నేరుగా ఆమె పక్కకే వచ్చి నిలబడ్డాడు.

ఎదుటి జాగాలో కుర్చీ వేసుకుని చూస్తున్న ట్వైలా గయ్యిమంది. ఆర్డిస్‌కి పాత స్నేహితురాలు, నోటి దురుసు మనిషి.

"లేలండ్! ఆవిడ బండి తగిలిస్తోందయ్యా బాబూ, కళ్ళు కనపడట్లేదా? ఆ పిల్లి గుడ్డితనం నీకూ అంటుకుందా? ఇవతలికి రా!"

లేలండ్ వినిపించుకోలేదు. టోపీ తీసి చేత్తో నలుపుతూ, ఆమెకేసి కాకుండా ట్రైలర్ చక్రంతో చెబుతున్నట్టు చెప్పాడు.

"నేను కాన్సస్ పోవట్లేదు. నీ వెనకే మోంటానా వద్దామనుకుంటున్నాను. అక్కడే ఉండిపోదామని. నీకేమైనా అభ్యంతరమా ఆర్డిస్?"

ఆర్డిస్ తల తిప్పలేదు. మీట నొక్కుతూనే ఉంది. ముక్కు ఇంకాస్త లేచింది. తర్వాత పికప్ ఎక్కి, అద్దాల్లో చూసుకుంటూ మెల్లగా వెనక్కి పోనిచ్చింది. టక్కుమని చప్పుడైంది. దిగి, వంగి, టార్చి వేసి, పిన్ను చుట్టూ దవడ మూసుకుందో లేదో చూడాలి. మధ్యలో సందు కనపడకూడదు. లీవర్‌కి అడ్డుపుల్ల పెట్టాలి. ఇవేమీ చేయకుండా ఆమె స్టీరింగ్ ముందే కూర్చుని గేరు మార్చింది. ఒక్క అలవాటు మాత్రం కాలికి ఉండిపోయింది. ట్రైలర్ కాళ్ళు ఎత్తకముందే, దిమ్మలు తీయకముందే, పికప్‌ని ఒకసారి నెమ్మదిగా ముందుకి లాగి చూడటం. పట్టు దొరికితే ట్రైలర్ బిగబట్టి ఆపుతుంది.

ఆపలేదు. పికప్ హాయిగా ఒక బారెడు ముందుకొచ్చేసింది. ట్రైలర్ తన కాళ్ళ మీద తను నిలబడే ఉంది.

ట్వైలా కుర్చీలోంచి లేచి నిలబడింది. లేలండ్ మొహం పాలిపోయింది.

"నాదే తప్పు. నా నోరు పడిపోను," అన్నాడు.

ఆర్డిస్ దిగి వచ్చింది. ముందు ట్రైలర్ కాళ్ళు చూసింది, తర్వాత దవడలు చూసింది. ఏమీ విరగలేదు. ఆమె చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఓరిన్ పోయాక ఆమె చేతుల్లో పని తప్పడం ఇదే మొదలు.

"తగిలించేటప్పుడు మాట్లాడకూడదని తెలుసా తెలీదా నీకు?"

"తెలుసు."

"మరి నిన్న సాయంత్రం అంతసేపు కూర్చున్నావే! అప్పుడేమైంది?"

లేలండ్ టోపీ ఇంకా నలిపాడు. "అప్పుడైతే నువ్వు వద్దనగలవు. ఇప్పుడైతే అనలేవు. ఆ కాస్తసేపైనా ఆశ ఉంటుంది గదా అని."

ఆర్డిస్ చేత్తో అతన్ని వెనక్కి జరగమని సైగ చేసి మళ్ళీ మొదలెట్టింది. ముక్కు కొంచెం దించింది. పికప్ వెనక్కి పోనిచ్చింది. ఈసారి టార్చి వేసి, వంగి, దవడ పిన్నుని పూర్తిగా కరుచుకుందని చూసింది. లీవర్‌కి అడ్డుపుల్ల దూర్చింది. ముందుకి లాగితే ట్రైలర్ గట్టిగా పట్టి ఆపింది. అప్పుడు బ్రేకు తీగ కట్టి, కరెంటు ప్లగ్గు పెట్టి, డోరు మూసి, కాళ్ళు ఎత్తింది. దీపాలు చూసుకుని దిమ్మలు తీసి లోపల పడేసింది. అంతసేపూ లేలండ్ ట్వైలా కుర్చీ పక్కన, తప్పు చేసి బెంచీ ఎక్కినవాడిలా నిలబడ్డాడు.

ఆర్డిస్ చేతులు తుడుచుకుని అతని ముందుకొచ్చింది.

"పని అయిపోయింది. ఇప్పుడు నా నోరు ఖాళీగానే ఉంది. అడుగు."

"నేను... నీ వెనక వస్తే... అభ్యంతరమా?"

"ఏం మనిషివయ్యా నువ్వు! అభ్యంతరమే ఉంటే ఇందాక దవడ చూడటం మర్చిపోతానా?"